పూటకూళ్ళమ్మ నుంచి ఫామిలీ రూము దాకా

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. హోటలుకి పోదామని పిల్లల గొడవ. ఆయన కూడా వాళ్ళకే వత్తాసు. నేను సరేనన్నాను. ఎందుకనను చెప్పండి? నెలకి ఒక్క పూటైనా నేను కూర్చుని ఉంటే ఎవరో తెచ్చి నా ముందు పెట్టడమంటే ఏ ఇల్లాలికి చేదు! మా అమ్మ మాత్రం పమిట సర్దుకుంటూ, "మా అమ్మకి ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా ఈ భాగ్యం తెలీదే. మా అమ్మ మేనత్తకైతే చచ్చేదాకా తెలీదు. హోటల్లో పని చేసీ తెలీదు" అంది.

అమ్మమ్మ మేనత్త హోటల్లో పని చేయడమేమిటి? ఆవిడ కాశీలో ఉండిపోయిందని కదా మేం చిన్నప్పటినుంచీ వింటున్నది! ఆ సంగతి తరవాత చెప్తాను. ఆ మాట పట్టుకుని నాలుగు పుస్తకాలు తిరగేశాను, నలుగురు పెద్దవాళ్ళని అడిగాను. నేను చదివింది పదో క్లాసే. పండితులు రాసే చరిత్ర నేను రాయలేను. కాని అన్నం చరిత్ర ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

హోటలు అన్న మాట ఇంగ్లీషుదే గాని, డబ్బిచ్చి భోంచేసే చోటు మనకి కొత్త కాదు. దాన్ని పూటకూటి ఇల్లు అనేవారు. పూటకింతని ఇచ్చి తినే కూడు కనక పూటకూడు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామం అనే పుస్తకంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు పట్నం చూడ్డానికి బయల్దేరి ఊరంతా తిరుగుతారు. ఆ పుస్తకం శ్రీనాథుడిదే అనే వాళ్ళూ ఉన్నారు. ఎవరిదైతేనేం, అందులో ఒక పూటకూటి ఇంటి భోజనం ఉంది. ఒక్క రూక ఇస్తే చాలుట. మంచి సన్నబియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగు. చదువుతూంటే నోరూరుతుంది. సుమారు ఆరువందల ఏళ్ళనాటి భోజనం! సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు ఇలాంటి పద్యాలనే వెతికి వెతికి పట్టుకుని, మన పూర్వులు ఏం తిన్నారో, ఏం కట్టారో చెప్పారు. రాజుల యుద్ధాల కన్నా అదే నాకు బాగా నచ్చింది.

ఒక్క చిన్న మాట. ఆ పద్యంలో ఇంటి యజమాని పేరుంది. లక్ష్మణవజ్ఝల వారి ఇల్లు. నెయ్యి కాచిందెవరు, పిండివంట చేసిందెవరు అన్నది మాత్రం లేదు. పద్యం రాసినాయన భోంచేసి వచ్చాడు గాని వంటింట్లోకి తొంగి చూడలేదు.

డబ్బులేని వాళ్ళకి సత్రాలుండేవి. రాజులు, జమీందార్లు, కోమట్లు కట్టించినవి. ఇళ్ళే సత్రాలుగా చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. గోదావరి లంకల్లో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండిపెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంలో ఆవిణ్ణి రమ్మని పిలుపొస్తే, నేను వెళ్తే ఇక్కడ అన్నం పెట్టేదెవరని వెళ్ళలేదని చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు. సంతోషమే. కాని ఉచితంగా పెట్టిన ఆవిడకి దక్కిన పేరు, డబ్బు పుచ్చుకుని పెట్టిన ఆడదానికి దక్కలేదు. దక్కకపోగా ఎగతాళి మిగిలింది.

నమ్మకపోతే కన్యాశుల్కం తీసి చూడండి. గురజాడ అప్పారావుగారి నాటకం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే తిరగరాసి పెద్దది చేశారు. అందులో గిరీశం పూటకూళ్ళమ్మ ఇంట్లో తిని, పైగా సరుకులు తెచ్చిపెడతానని ఆవిడ దగ్గర సొమ్ము పుచ్చుకుని మధురవాణికి ఖర్చు పెట్టేస్తాడు. పూటకూళ్ళమ్మ చీపురు పుచ్చుకుని వెతుక్కుంటూ వస్తే మనం నవ్వుతాం. నేనూ నవ్వాను, రేడియోలో నాటకం వచ్చినప్పుడల్లా. ఇప్పుడు ఆలోచిస్తే, పాపం ఆవిడ డబ్బు పోయింది కదా! ఒంటరి ఆడది పదిమందికి వండి పోగుచేసిన డబ్బు. నాటకంలో వేశ్యకి చక్కటి పేరుంది, మోసగాడికి పేరుంది, ఆఖరికి లుబ్ధావధాన్లుకీ పేరుంది. ఈవిడకి మాత్రం పేరు లేదు. పూటకూళ్ళమ్మ, అంతే. అప్పారావుగారిని తప్పు పట్టడం కాదు. లోకం ఆవిణ్ణి ఎలా పిలిచిందో అలాగే రాశారాయన.

ఇంతకీ మా ఇంటి పూటకూళ్ళమ్మ సంగతి. అమ్మమ్మ మేనత్తని మేం తాతమ్మ అనే అనుకుందాం. పన్నెండో ఏట కాపరానికి వెళ్ళకుండానే మొగుడు పోయాడుట. పుట్టింట్లో వంటచేస్తూ, పురుళ్ళు పోస్తూ ముప్పై ఏళ్ళ దాకా గడిపింది. వదినగారితో మాట పట్టింపు వచ్చి, ఒక ఇత్తడి గుండిగ, రెండు చీరలు పట్టుకుని గుంటూరు వచ్చేసింది. 1904లో గుంటూరు వేరే జిల్లా అయ్యాక కోర్టులు, కచేరీలు పెరిగాయి. ఏ.సీ. కాలేజీ అంతకు ముందే, 1885 నుంచీ ఉంది. పల్లెల నుంచి చదువుకునే కుర్రాళ్ళు, కోర్టు పక్షులు, గుమాస్తాలు. వీళ్ళందరికీ రెండు పూటలా అన్నం ఎవరు పెట్టాలి? అందుకే గుంటూరు, బెజవాడ, రాజమండ్రి లాంటి ఊళ్ళల్లో సందుకొక పూటకూళ్ళ ఇల్లు వెలిసింది. వాటిల్లో చాలామటుకు నడిపింది వితంతువులే. చదువు లేదు, ఆస్తి లేదు, మళ్ళీ పెళ్ళి లేదు. చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే.

మా తాతమ్మకి అక్షరాలు రావు. అందుకని వంటింటి గోడమీద బొగ్గుతో గీతలు గీసేదిట. ఒక్కో కుర్రాడికి ఒక్కో వరస. తిన్న పూటకి నిలువుగీత, చుట్టాన్ని తీసుకొస్తే అడ్డగీత, ఊరెళ్తే సున్న. నెలాఖరుకి కుర్రాళ్ళే లెక్కపెట్టి డబ్బిచ్చేవారు. ఒకడు ఎవరూ చూడకుండా తడిగుడ్డతో మూడు గీతలు చెరిపేశాడుట. ఆవిడ కనిపెట్టింది గాని ఏమీ అనలేదు. మర్నాడు వాడి విస్తట్లో నెయ్యి వెయ్యలేదు. వాడు అర్థం చేసుకుని మూడు పూటల డబ్బూ తెచ్చి పెట్టాడుట.

ఊళ్ళో మాత్రం మావాళ్ళు, మా అప్పచెల్లెలు కాశీలో ఉంది అని చెప్పుకున్నారు. డబ్బుకి అన్నం పెట్టడం కుటుంబానికి అప్రతిష్ఠ. అన్నం అమ్ముకోకూడదు అనేవారు. ఆ పరువు పాటించిన అన్నగారే కోర్టు పనిమీద గుంటూరు వచ్చినప్పుడల్లా చీకటి పడ్డాక ఆవిడింటికి వెళ్ళి భోంచేసేవాడని మా అమ్మ చెప్పింది. ఆయన గీతలు గోడమీద ఉండేవో లేదో!

తాతమ్మని నెత్తిన పెట్టుకుని ఊరేగిస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. ఆవిడ పంక్తి ఒక్క కులానిదే. బ్రాహ్మల కుర్రాళ్ళకి తప్ప ఇంకొకరికి వడ్డించలేదు. ఆ రోజుల్లో ఎవరి పక్కన కూచుని తిన్నావన్నది చిన్న విషయం కాదు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయిస్తే, ఆ పెళ్ళిలో కలిసినవాళ్ళని వెలివేశారు. అందుకే సంఘసంస్కారం అన్నవాళ్ళందరూ ముందు విస్తరి దగ్గరే మొదలుపెట్టారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారూ, లక్ష్మీబాయమ్మగారూ వితంతువులకి ఆశ్రయమిచ్చారు, 1922లో శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకి చదువు చెప్పించారు. శారదానికేతనం మా తాతమ్మ ఇంటికి పెద్ద దూరం కాదు. కాని ఆవిడ అటు వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే బొగ్గుగీతలు అక్షరాలయ్యేవేమో. ఆ తరవాత గోరాగారూ, సరస్వతిగారూ 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అన్ని కులాలవాళ్ళనీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు నడిపారు. 1947లో బెజవాడ పటమటకి వచ్చాక కూడా అది మానలేదు.

ఇక కాఫీ. కాఫీ వచ్చింది, పూటకూళ్ళమ్మ కొంప ముంచింది.

దానికి దారి వేసింది రైలు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన అయింది, 1899కి మద్రాసు నుంచి బెజవాడకి నేరుగా రైలు నడిచింది, 1900లో గోదావరి మీద వంతెన పూర్తయింది. రైలుతో మద్రాసు అలవాట్లూ వచ్చాయి. అందులో మొదటిది కాఫీ. అంతకు ముందు మన ఇళ్ళల్లో పొద్దున్నే చద్దన్నం. రాత్రి అన్నంలో పోసిన తరవాణి, ఇంత ఊరగాయ, ఉల్లిపాయ. పిల్లలూ అదే, పెద్దలూ అదే. కాఫీ తాగేవాణ్ణి తాగుబోతుని చూసినట్టు చూసేవారుట. ఆడవాళ్ళు తాగితే ఇల్లు గుల్ల అవుతుందనేవారు. అలా అన్న మామగార్లే పదేళ్ళు తిరక్కుండా, కోడలా, కాఫీ ఏదీ అని కేకలేసే స్థితికి వచ్చారు. టీ సంగతి వేరు. 1930ల్లో టీ బోర్డుల వాళ్ళు ఊరూరా తిరిగి, కాచి, ఊరికే పోసి అలవాటు చేశారు. కాఫీకి ఆ శ్రమ అక్కర్లేకపోయింది.

కాఫీతో పాటు ఉడిపి వాళ్ళు వచ్చారు. దక్షిణ కన్నడం వంటవాళ్ళు. గుళ్ళల్లో వందలమందికి వండిన చేతులు. 1923లో అక్కడ వచ్చిన పెద్ద వరదల వల్ల కూడా చాలామంది ఊళ్ళు వదిలారంటారు. పని వెతుక్కుంటూ మద్రాసు, బొంబాయి, బెంగుళూరు, మన కోస్తా ఊళ్ళు చేరారు. అంట్లు కడిగే కుర్రాడు సప్లయరై, వంటవాడై, చివరకి గల్లాపెట్టె దగ్గర కూచున్న కథలెన్నో. మద్రాసులో వుడ్‌లాండ్స్ పెట్టిన కృష్ణారావుగారు అలా కింద నుంచి పైకి వచ్చినాయనే. ఇడ్లీ, సాంబారు, మసాలా దోసె మన ఊళ్ళల్లో ఇంటింటి తిండి అవడానికి వీళ్ళే ముఖ్యకారణం. మన వాళ్ళకి మినపరొట్టె, పెసరట్టు తెలుసు. రోజూ పొద్దున ఇడ్లీ తినడం హోటలు నేర్పిందే. మన పెసరట్టుని హోటలెక్కించింది మాత్రం మనవాళ్ళే. దాన్లో ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు అని పేరు పెట్టడం హైదరాబాదు ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో మొదలైందంటారు. శాసనసభ్యులు చేసిన మంచిపనుల్లో దాన్నీ కలుపుకోవచ్చు.

హైదరాబాదులో దారి వేరు. అక్కడ ఇరాను నుంచి వచ్చినవాళ్ళు మూలమలుపుల్లో పాలరాతి బల్లలు వేసి ఇరానీ చాయ్ పోశారు. ఆ ముచ్చట్లు అక్కడి అక్కయ్యలు చెబితేనే అందం.

మా వేపు ఊళ్ళల్లో హోటలంటే ఊరికి గుర్తు. గుంటూరులో శంకర్ విలాస్ అంటే ముందు హోటలే. తరవాత ఆ కూడలి పేరూ అదే, దాని దగ్గర కట్టిన రైలు వంతెన పేరూ అదే అయింది. కలెక్టర్ల పేర్లు పెట్టిన వీధులు జనం మర్చిపోయారు గాని, కాఫీ తాగిన చోటు మర్చిపోలేదు. విజయవాడ గాంధీనగరంలో బాబాయి హోటలు ఉంది. 1940ల నాటిది. ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తారు. కాకినాడ సుబ్బయ్య హోటలుకి భోజనానికే రైలు దిగేవాళ్ళున్నారు. అరిటాకు నిండా కూరలు, పప్పు, పులుసు, పచ్చళ్ళు, పొడులు. ఎంత తిన్నా ఇంకా వేసుకోండి అంటూ వెంటపడతారు. ఆ మర్యాద ఏ యంత్రం నేర్పగలదు?

ఈ విలాసులూ భవనాలూ వచ్చేసరికి తాతమ్మ కుర్రాళ్ళు ఒక్కొక్కరే జారిపోయారు. పొద్దున్నే కాఫీ కావాలి, పేపరు కావాలి, నలుగురితో కబుర్లు కావాలి. ఆవిడ కూడా కాఫీ పెట్టి చూసిందిట గాని, హోటలు కాఫీలా రాలేదని ముఖం మీదే అన్నారు. చివరకి ఇల్లు ఖాళీ చేసి, ఆ కుర్రాళ్ళని లాక్కుపోయిన హోటల్లోనే పిండి రుబ్బే పనికి చేరింది. యుద్ధం రోజులు. బియ్యానికి రేషను. బెంగుళూరులో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ చేయడం అప్పుడే మొదలుపెట్టామని మావళ్ళి టిఫిన్ రూమ్స్ వాళ్ళు చెప్పుకుంటారు. ఇక్కడ మా తాతమ్మ రాత్రి ఎనిమిదింటికి వెనక సందులోంచి లోపలికి వెళ్ళి, తెల్లవారుజాము దాకా పెద్ద రుబ్బురోళ్ళ దగ్గర కూచునేది. నలుగురు ఆడవాళ్ళు. కరెంటు గ్రైండర్లు కోయంబత్తూరులో తయారవడం 1950ల్లో మాట. అవి మన దాకా వచ్చేసరికి ఇంకా ఎన్నేళ్ళో పట్టింది. అంతదాకా ఊరు తిన్న ప్రతి ఇడ్లీ ఆడవాళ్ళ భుజాల మీద నుంచి వచ్చిందే. పొయ్యి దగ్గర మాత్రం మొగవాళ్ళు. వంటమేస్త్రీ అంటే మొగాడే. ఇంట్లో వంట ఆడదాని పని అంటారు, జీతమిచ్చే చోట అదే వంట మొగవాడి విద్య అవుతుంది! ఈ తిరకాసు నాకెప్పుడూ అర్థం కాదు.

తెల్లారాక ముందు గదిలో జనం కూచునే వేళకి ఆవిడ వెనక సందులోంచే వెళ్ళిపోవాలి. ఆ బల్ల దగ్గర ఒక్కసారైనా కూచోలేదు. కూలితో పాటు ఒక ముంతెడు సాంబారు ఇచ్చేవారుట.

ఆ హోటలు పేరు నేను చెప్పను. బోర్డు మీద "బ్రాహ్మణుల కాఫీ హోటలు" అని ఉండేది. అలాంటి బోర్డులు ఆ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. ఆ మాటకి అర్థం వండేవాళ్ళు బ్రాహ్మలు అని కొందరు సర్దిచెబుతారు. అంతటితో అయిపోతే బాగానే ఉండేది. చాలాచోట్ల లోపల బ్రాహ్మలకి వేరే గది, మిగతావాళ్ళకి వేరే గది. హరిజనులకి ఏ గదీ లేదు. రైలు స్టేషన్లలో ఫలహారశాలలకీ ఇదే జబ్బు పట్టింది. మద్రాసు రాజధానిలో పెరియార్ రామస్వామిగారి వాళ్ళు గట్టిగా ఆందోళన చేసిన మీదట 1941లో స్టేషన్లలో ఆ విభజన తీసేశారు. ఊళ్ళో హోటళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

మా అమ్మమ్మ చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు తాతమ్మని చూడ్డానికి ఆ వెనక సందులోకి వెళ్ళిందిట. అక్కడ ఒకావిడ రోజూ విస్తరాకుల కట్టలు తెచ్చి గుమ్మం బయట దించేది. అడివికి వెళ్ళి ఆకు కోసి, పుల్లలతో కుట్టి, లెక్కకి అప్పగించేది. మాలపల్లె నుంచి వచ్చేది. దూరం నుంచి డబ్బులు విసిరితే కొంగు పట్టి అందుకునేది. కాఫీ కావాలంటే గుమ్మం పక్క గూట్లో ఒక కొబ్బరి చిప్ప ఉండేది, అందులో పోసేవారు. లోపల పెద్దమనుషులు తినేదేమో ఆవిడ చేత్తో కుట్టిన విస్తట్లో! తాతమ్మ రుబ్బిన పిండి, ఆవిడ కుట్టిన విస్తరి లోపలికి వెళ్ళేవి, వాళ్ళిద్దరూ మాత్రం సందులోనే ఉండేవారు. అయితే ఆ సందులో కూడా తాతమ్మ గుమ్మం లోపల, ఆవిడ గుమ్మం బయట. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని కబుర్లు చెప్పుకునేవారుట గాని, తాతమ్మ ఏనాడూ ఆవిడ చేతికి గ్లాసు ఇవ్వలేదు. "నాకప్పుడు పదకొండేళ్ళు. నేను ఇవ్వబోతే మా మేనత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది" అని మా అమ్మమ్మ చెప్పేదిట. చెప్పి, చాలాసేపు ఊరుకునేదిట.

1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. అందులో పదిహేనో అధికరణంలో హోటళ్ళ పేరు పెట్టి మరీ రాశారు. దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, ఫలహారశాలల్లోకి రావడానికి కులం, మతం, ఆడా మగా అనే తేడాతో ఎవరినీ అడ్డగించకూడదని. అంత పెద్ద పుస్తకంలో కాఫీ హోటలుకి చోటు దొరికిందంటే, ఆ గుమ్మం దగ్గర ఎంత అవమానం జరిగి ఉండాలి! పదిహేడో అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో దానికి శిక్షలు పెడుతూ చట్టం చేశారు, 1976లో దాన్ని ఇంకా బిగించి పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు.

ఆ హోటలువాళ్ళు కొత్త బోర్డు చేయించలేదు. "బ్రాహ్మణుల" అన్న మాట మీద తెల్లరంగు పూసి ఊరుకున్నారు. వానొచ్చినప్పుడల్లా ఆ అక్షరాలు మళ్ళీ కనిపించేవని మా అమ్మమ్మ అనేదిట. పల్లెటూళ్ళ టీ కొట్లల్లో రెండు గ్లాసుల పద్ధతి, అంటే కొందరికి వేరే గ్లాసు పెట్టడం, 1990ల్లో కూడా ఉందని పేపర్లలో చదివాం. అంటే రంగు ఎన్ని పూతలు వెయ్యాలో చూడండి.

ఇప్పుడు ఫామిలీ రూముకి వద్దాం. చట్టంలో ఆడా మగా తేడా లేదని రాసినంత మాత్రాన ఆడవాళ్ళు హోటళ్ళకి వెళ్ళలేదు. సంసారి ఆడది హోటల్లో కూచోవడమా అనేవారు. అందుకని హోటలువాళ్ళే ఉపాయం ఆలోచించి ఒక మూల చెక్క అడ్డుకట్టి, సగం తలుపులు పెట్టి, పైన "ఫామిలీ రూము" అని రాశారు. మా అమ్మమ్మ 1957లో మొదటిసారి అక్కడే కూచుంది. ఏడాది ఎలా గుర్తుందంటే, ఆ ఏప్రిల్ ఒకటినే కొత్త పైసలు వచ్చాయి. అణాకి ఆరు కొత్త పైసలు, పావలాకి ఇరవై అయిదు. ఆ లెక్క తేలక బిల్లు దగ్గర తాతయ్యకీ గల్లా ఆయనకీ పెద్ద వాదన. అమ్మమ్మ సగం తలుపు కింద నుంచి కాళ్ళు మాత్రమే చూస్తూ కూచుంది. ఇడ్లీ రెండు ముక్కలు తిని ఇంక తినలేకపోయింది. సిగ్గని తాతయ్య అనుకున్నాడు. కాదు. వెనక నుంచి రుబ్బురోలు చప్పుడు వినిపించింది. అప్పటికి తాతమ్మ పోయి మూడేళ్ళు. అయినా తినలేకపోయింది.

ఫామిలీ రూముని ఈ కాలం పిల్లలు వెక్కిరిస్తారు. పరదా కాక మరేమిటి అంటారు. నిజమే. కాని ఆ చెక్క అడ్డు లేకపోతే మా అమ్మమ్మ తరం గడప దాటి ఉండేది కాదు. తొందరపడి నవ్వకండి.

మా అమ్మ తరానికి కొంత మారింది. 1965లో తిండిగింజల కరువు. లాల్‌బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. దేశంలో హోటళ్ళు సోమవారం సాయంత్రం మూసేశారు. మా అమ్మ అప్పుడు పదమూడేళ్ళ పిల్ల. తాతయ్య సోమవారం రాత్రి హోటలు లేదని ఇంటికి పెందరాళే వచ్చేవాడనీ, ఇంట్లో అందరూ ఉపవాసమే అయినా ఆ రాత్రి తనకి పండగలా ఉండేదనీ చెబుతుంది. అమ్మమ్మకీ అంతే. వండే పని లేదు కదా!

బల్లలు తుడిచే చిన్నపిల్లల మాట కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ళవాళ్ళు, తొమ్మిదేళ్ళవాళ్ళు చేతిలో తడిగుడ్డతో నిలబడితే మనం మన పిల్లలకి పూరీ తినిపిస్తూ కూచున్నాం. చూస్తూనే చూడనట్టు. 2006 అక్టోబరు నుంచి పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని హోటళ్ళల్లో పనికి పెట్టుకోకూడదని నిషేధం వచ్చింది. అంతదాకా మనలో ఒక్కరమైనా, బాబూ, నీ బడేదీ అని అడిగామా? నేను అడగలేదు.

ఈమధ్య ఊరూరా కర్రీ పాయింట్లు వచ్చాయి. ఒక గది, నాలుగు గిన్నెలు, సాయంత్రానికి కూర, పప్పు, సాంబారు పొట్లాలు కట్టి అమ్ముతారు. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకి అదొక ఊరట. మా సందు చివర ఒకావిడ నడుపుతోంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. పొద్దున నాలుగింటికి లేస్తుంది. ఖాతాలు గోడమీద కాదు, ఫోనులో ఉన్నాయి. నేను ఈ ప్రసంగం కోసం వెళ్ళి మాట్లాడితే, "మా అత్తారివైపు వాళ్ళు నేను స్కూల్లో పని చేస్తున్నానని చెప్పుకుంటారండీ" అంది. నాకు నోట మాట రాలేదు. మావాళ్ళ కాశీ గుర్తొచ్చింది.

సరే, ఆదివారం సంగతి. వెళ్ళాం. ఫామిలీ రూము లేదు, ఏసీ గది ఉంది. అందరం ఒకే బల్ల దగ్గర కూచున్నాం. పక్క బల్ల దగ్గర ముగ్గురు కాలేజీ ఆడపిల్లలు, వెంట మొగవాళ్ళెవరూ లేకుండా, గట్టిగా నవ్వుకుంటూ దోసెలు తింటున్నారు. మా అమ్మ వాళ్ళనే చూస్తూ కూచుంది. ఇడ్లీ వచ్చింది. ముక్క తుంచి అల్లం పచ్చడిలో అద్దుకుని, నోట్లో పెట్టుకోకుండా ఆగి, సప్లయరు కుర్రాణ్ణి పిలిచింది.

"పిండి ఎవరు రుబ్బుతారు బాబూ?"

వాడు తెల్లబోయి, "మిషనండీ మామ్మగారూ" అన్నాడు.

"కూరలు తరిగేది?"

"లోపల ఆడవాళ్ళున్నారండీ."

"వాళ్ళు ఏ గుమ్మంలోంచి వస్తారు?"

పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఆయన నీళ్ళగ్లాసు సర్దుకున్నారు. ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, "వెనకాల సందుందండీ" అని చెప్పి, సాంబారు తేవడానికి వెళ్ళాడు.